తుంపరను వాన అన్నాను

అటవీ శాఖలో ఫారెస్టరుగా చేరి, డిప్యూటీ రేంజరుగా దిగిపోయినవాణ్ని. ఈ రెండు మాటల మధ్య ముప్పై ఏళ్లకు పైగా గడిచాయి. రిటైరైనవాళ్లు రాసుకున్న జ్ఞాపకాలు కొన్ని చదివాను. అందరూ పులిని చూశారు, అందరూ కలప దొంగల్ని పట్టుకున్నారు, మంత్రిగారితో ఫోటో అందరికీ ఉంది. నాకూ ఆ ఫోటో ఒకటుంది కానీ దాని గురించి చెప్పడానికేమీ లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న మీకు పనికొచ్చేది నా దగ్గర ఒక్కటే ఉంది. అది నేను చేసిన తప్పు. నిజం చెప్పాలంటే రెండు తప్పులు. మొదటిది పెంకు పురుగుల విషయంలో చేశాను, రెండోది ఒక మనిషి విషయంలో.

ఎనభైల మొదట్లో నన్ను భద్రాచలం అడవి అంచున ఒక సెక్షన్‌కు వేశారు. మాది కల్లూరు పక్కన పల్లె, వ్యవసాయ కుటుంబం. మిరప తోటకు మందు కొట్టే నాన్న వెనక నీళ్లు మోసి పెరిగాను. పురుగు కనిపిస్తే మందు కొట్టాలి, మందు కొడితే పురుగు చావాలి. శిక్షణలో ఎన్ని పాఠాలు చెప్పినా నా బుర్రలో మిగిలిన శాస్త్రం అదే.

నా సెక్షన్‌లో ఒక కోయగూడెం వాళ్లు దసలి పట్టు పండించేవారు. పట్టు అనగానే మీకు ఇంట్లో తట్టల్లో మల్బరీ ఆకు తినే పురుగులు గుర్తొస్తాయి. దసలి అలా కాదు. ఈ పురుగులు అడవిలో మద్ది చెట్ల మీదే, ఎండకు వానకు బతుకుతాయి. తొలకరి తర్వాత గుడ్డు పగిలి చీమంత పిల్లలుగా చెట్టెక్కుతాయి. నెలా పదిరోజులు ఆకు తిని, వేలంత లావై, ఆకుల మధ్య గూడు కట్టుకుంటాయి. ఆ గూళ్లే పంట. ఒక చెట్టు మీద ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మల్ని కోసి పక్క చెట్టుకు కట్టి, కొత్త ఆకు మీదికి ఎక్కిస్తారు. పిట్టలు, కందిరీగలు తినిపోకుండా పగలంతా ఎవరో ఒకరు చెట్ల కింద కాపలా ఉండాలి.

ఆ కాపలాకు నియమాలున్నాయి. పంట చేతికొచ్చేదాకా కాపలా మనిషి తలకు నూనె రాయడు, సబ్బు ముట్టడు, భార్య పక్కన పడుకోడు. తలకు నూనె పెట్టుకున్నవాళ్లెవరూ ఆ చెట్ల కిందికి రాకూడదు. చెప్పులు బయటే విప్పాలి. మొదటిసారి వెళ్లినప్పుడు నేను బూట్లతోనే లోపలికి నడవబోయాను. మా బీట్ గార్డు మాత్రం ఎవరూ చెప్పకముందే బూట్లు విప్పి పక్కన పెట్టాడు. ఆయనది జూలూరుపాడు, ముస్లిం. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను చాచా అనేవాణ్ని, ఆయన నన్ను సార్ అనేవాడు.

"ఇదేంది చాచా, నువ్వు కూడానా?" అన్నాను.

"మసీదుకు వోతే ఇప్పుతం గద సార్. ఆళ్లకు గిది గంతే" అన్నాడు.

నవ్వుకున్నాను. బూట్లు మాత్రం విప్పాను, ఆయన చూస్తున్నాడని.

ఆ ఏడు తొలకరి బాగా పడింది. పడిన మూడో రోజు సాయంత్రం నేలలోంచి పెంకు పురుగులు లేచాయి. ఇవి మట్టిలో వేళ్లు తింటూ పెరిగి, మొదటి వానలకు రెక్కలతో బయటికొస్తాయి. పొద్దు గూకగానే చెట్ల మీద వాలి ఆకు కొరుకుతాయి, తెల్లారేలోపు మళ్లీ మట్టిలో దూరతాయి. పగలు వెతికితే ఒక్కటి కనిపించదు. వేప, రేగు, మద్ది, దేన్నీ వదలవు. నాలుగు రోజుల్లో కొన్ని చెట్లకు ఈనెలే మిగిలాయి.

ఐదో రోజు పొద్దున గూడెం నుంచి ఒక పెద్దామె సెక్షన్ ఆఫీసుకు నడిచి వచ్చింది. గూడెంలో దసలి పంటకు ఆమే పెద్ద. విత్తనం గూళ్లు దాచేది, గుడ్లు పెట్టించేది ఆమే. చెట్ల కింద కాపలా ఆమె కొడుకుది.

"సారూ, పెంకు పురుగు మద్ది ఆకంత తింటున్నది. పట్టు పిల్లలు ఇప్పుడే లేచినయ్. ఆకు లేకుంటె అవి ఏం తింటయ్? రెండు డబ్బాల కిరసనాయిలు ఇప్పియ్యి. మాపటీలి కొమ్మలు దులిపి అండ్ల ఏస్తం" అంది.

ఆమె అడిగింది అంతే. సాయంత్రం కొమ్మ దులిపితే పెంకు పురుగులు రాలతాయి, కిరోసిన్ కలిపిన నీళ్లలో వేస్తే చస్తాయి. మంచి పద్ధతి. కానీ అప్పట్లో కిరోసిన్ రేషను మీద వచ్చేది. దానికోసం నేను ఇంకో శాఖ వాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. మా రేంజి గోదాములో మాత్రం టేకు నర్సరీ కోసం వచ్చిన బీహెచ్‌సీ పురుగుమందు పొడి బస్తాలు ఊరికే పడి ఉన్నాయి. ఎదుటివాళ్లు అడిగింది ఇవ్వడం కంటే మన దగ్గరున్నది ఇవ్వడం సులువు.

"కిరోసిన్ ఎందుకవ్వా, ఒక్క రోజులో వాటి పీడ వదిలించే మందుంది నా దగ్గర" అన్నాను.

ఆమె వెళ్లాక చాచా అన్నాడు. "పురుగుల మందు సార్ అది. ఏది పెంకు పురుగో, ఏది పట్టు పురుగో దానికెట్ల ఎరుక?"

"పట్టు పురుగులున్న చెట్లు ముట్టుకోం చాచా. లేని చెట్లకే జల్లుతాం" అన్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మర్నాడు పెద్దామె కొడుకును వెంటబెట్టుకుని, ఏ చెట్ల మీద పట్టు పురుగులున్నాయో చూపించమన్నాను. అతను ఒక్కొక్కటీ చూపించాడు. వాటికి గుర్తుగా గడ్డితాళ్లు కట్టించాను. మిగిలిన మద్ది చెట్లన్నిటికీ మందు. పల్చటి గుడ్డ సంచుల్లో పొడి పోసి, పొడుగాటి వెదురు కర్రలకు కట్టి, కూలీలతో కొమ్మల మీద దులిపించాను. సాయంత్రానికి చెట్లు సున్నం వేసినట్టు తెల్లబడ్డాయి. తెల్లారి చూస్తే వాటి కింద పెంకు పురుగులు చేటలతో ఎత్తేటన్ని పడి ఉన్నాయి. నాకు గర్వంగా అనిపించింది.

అంతలో పెద్దామె వచ్చింది. తెల్లబడ్డ చెట్లను చూసి నిలబడిపోయింది.

"ఈటి మీదికే గద సారూ, ముందటికి పురుగుల్ని ఎక్కిచ్చేది. పెద్దగైనంక అవి తినేదంత ఈ ఆకే" అంది.

కొమ్మలు కోసి చెట్టు మార్చే సంగతి ఇందాక మీకు చెప్పాను కదా, అది అప్పటికి నాకు తెలియదు. పురుగులు ఎక్కడున్నాయని అడిగాను కానీ, రేపు ఎక్కడికి పోతాయని అడగలేదు. ఆమె కొడుకు నేనడిగిన దానికి సరిగ్గానే జవాబిచ్చాడు. ఆఫీసరు ఏదో తెలిసే చేస్తున్నాడని మిగతాది చెప్పకుండా ఊరుకున్నాడు.

తడబాటు బయటపడనివ్వకుండా, "ఒక్క వాన పడితే అంతా కడుక్కుపోతుందవ్వా. వాన పడ్డాక ఎక్కించుకోండి" అన్నాను.

"ఎంత వాన?"

"మంచి వాన."

"గిదే వాన అని నువ్వు చెప్తవా?"

"చెప్తాను" అన్నాను.

తర్వాత తొమ్మిది రోజులు చినుకు లేదు. మబ్బులు వచ్చినట్టే వచ్చి గోదావరి అవతలికి పోయేవి. పట్టు పురుగుల పెరుగుదల వాన కోసం ఆగదు కదా. గడ్డితాడు కట్టిన చెట్ల మీద ఆకు తరిగిపోయింది, పురుగులు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. కొడుకు దూరం నుంచి మద్ది కొమ్మలు నరికి మోసుకొచ్చి కట్టేవాడు, అవి మధ్యాహ్నానికే వాడిపోయేవి. పక్కనే పచ్చటి ఆకు పెట్టుకుని వాళ్లు ఆ తొమ్మిది రోజులూ నా మాట కోసం ఆగారు.

పదో రోజు మధ్యాహ్నం తుంపర పడింది. రేంజి ఆఫీసులో మీటింగుకు పోతూ నేను గూడెం దగ్గర దిగాను. జీపు రోడ్డు మీద ఆగి ఉంది. పెద్దామె తడిసిన ఆకొకటి కోసుకొచ్చి నా చేతిలో పెట్టింది.

"సారూ, గిదేనా నువ్వు చెప్పిన వాన?"

ఆకును బొటనవేలితో రుద్దాను. పైన శుభ్రంగానే ఉంది. తిప్పి చూస్తే ఈనె పక్కన సన్నగా తెల్లటి చార ఉంది. దాన్ని నేను చూశాను. చూడలేదని నాకు నేను చెప్పుకోవాలని ఇన్నేళ్లలో చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. జీపు హారన్ కొడుతోంది. ఆమె వెనక కొడుకు నిలబడ్డాడు, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఆగమంటే పురుగులు ఆకలితో చస్తాయి, ఎక్కించమంటే బతికినా బతకొచ్చు అనుకున్నాను. ఆ మాట వాళ్లతోనే అని, నిర్ణయం వాళ్లకే వదిలేసి ఉండాల్సింది. అలా అంటే నాకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది.

"అవునవ్వా, ఇదే. ఎక్కించుకోండి" అన్నాను.

మూడో రోజు పొద్దున్నే చాచా నా గది ముందు సైకిల్ దిగాడు. "ఒకసారి రావాలె సార్" అన్నాడు.

పచ్చగా సగం పెరిగిన పురుగులు, ఇంకో మూడు వారాల్లో గూడు కట్టవలసినవి, కొమ్మలకు తలకిందులుగా వేలాడుతున్నాయి. కొన్ని నోటినుంచి ఆకుపసరు కక్కుతూ మెలికలు తిరుగుతున్నాయి. నేల మీద కాలు పెట్టడానికి చోటు లేదు. గడ్డితాడు కట్టిన పాత చెట్ల మీద మిగిలిపోయిన కొన్ని మాత్రం బతికే ఉన్నాయి, ఈనెలు కొరుకుతూ. చాచా వాటిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆయనకు అర్థమైంది. నాకూ అర్థమైంది.

గూడెం జనమంతా అక్కడ చేరారు. పంట ఎందుకు చచ్చిందో వాళ్లు మందులో వెతకడం లేదు. నియమం ఎక్కడ తప్పిందా అని వెతుకుతున్నారు. అప్పుడు పెద్దామె కోడలు ముందుకొచ్చింది. పెళ్లయి ఏడాది కూడా కాలేదు.

"మొన్న సంత కాడ మా అక్క తలకు నూనె వెట్టింది. మర్సిపోయి గట్లనే గంజి తీస్కొని చెట్ల కిందికి వచ్చిన" అంది. ఎవరూ అడగకముందే చెప్పింది.

భర్త అరవలేదు, చెయ్యెత్తలేదు. "మీ అమ్మగారింటికి వో" అన్నాడు. పెద్దామె అడ్డం చెప్పలేదు. ఆ పిల్ల ఇంట్లోకి పోయి చీర మూట కట్టుకుని వచ్చి, అందరి మధ్య నుంచే నడిచి వెళ్లిపోయింది. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క మాట అంటే ఆగేది. నేను నోరు తెరవలేదు.

ఆ సాయంత్రం రేంజర్ గారి దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు.

"మందు అని రాస్తే నర్సరీ మందు గూడేనికి ఎట్లా పోయిందని అడుగుతారయ్యా. నువ్వూ పోతావు, నేనూ పోతాను. పట్టు పురుగులకు రోగాలు రావడం ఎక్కడా లేనిదా? రోగం అని రాయి" అన్నాడు.

రోగం అని రాశాను. చేతిరాత ఆ రోజు గుండ్రంగా, బాగా వచ్చింది.

తర్వాత రోజులు మింగలేక కక్కలేక గడిపాను. అప్పటిదాకా చాచా టీ కాస్తే ఇద్దరం తాగేవాళ్లం. ఆయన టీ కాయడం మానేశాడు. ఒక రోజు డ్యూటీ పుస్తకంలో నా సంతకం తీసుకుంటూ అడిగాడు.

"ఆ పిల్ల సంగతి మీరు చెప్తరా సార్, నన్ను చెప్పమంటరా?"

"నువ్వు చెబితే ఏమవుతుంది చాచా?"

"గార్డు మాట అయితది. ఆమెకు సర్కారు మాట గావాలె" అని పుస్తకం మూసి తీసుకుపోయాడు.

అప్పుడు కూడా నేను కదల్లేదు. ఆ సంగతి మీరు గుర్తుంచుకోవాలి. మనిషికి సిగ్గు రావడానికి కూడా చాలా రోజులు పట్టొచ్చు.

పదకొండో రోజు పెద్దామె ఆఫీసుకు వచ్చింది. చిన్న గుడ్డ మూట నా బల్ల మీద పెట్టింది. అందులో చారపప్పు ఉంది.

"ఏమనుకోకు సారూ. నువ్వు ఇంత కష్టపడి మందు జల్లిపిస్తివి. నీ మందు మంచిదే, పెంకు పురుగు ఒక్కటి లేకుంట వోయింది. తప్పు మా ఇంట్ల జరిగింది. వచ్చే ఏడు గూడ నువ్వే జల్లిపియ్యాలె" అంది.

తిట్టిపోసి ఉంటే నేను తట్టుకునేవాణ్ని, ఇంకో నాలుగు అబద్ధాలు కూడా చెప్పేవాణ్నేమో. ఆమె నాకు కృతజ్ఞత చెబుతోంది. కుర్చీలో కూలబడి అంతా చెప్పేశాను. ఆకు వెనక చూసిన చార, తుంపర అని తెలిసీ వాన అన్న మాట, రిపోర్టులో రాసిన రోగం. మధ్యలో ఏడుపొచ్చింది. ఆమె నా ఏడుపు అయ్యేదాకా ఆగింది.

"నాకెందుకు చెప్తున్నవ్? నింద నా మీద లేదు గద. దానికి చెప్పు" అంది. లేచి, చారపప్పు మూట తీసి కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది.

ఆ పూటే చాచా, నేను బయల్దేరాం. కోడలి పుట్టిల్లు వాగు అవతల, అడవిలో మూడు గంటల నడక. చాలా రోజుల తర్వాత చాచా నాతో మాట్లాడాడు, వాగులో ఏ రాయి మీద కాలు పెట్టాలో చెప్పడానికి.

ఆ ఇంటి ముందు అందరూ కూర్చుని ఇప్ప గింజలు ఒలుస్తున్నారు, నూనె పట్టించడానికి. ఆ పిల్ల వాళ్లకు దూరంగా గోడవారన కూర్చుంది. వచ్చినప్పటి నుంచి ఆ గింజలు ముట్టడం లేదని తల్లి చెప్పింది. నూనె లేక ఆమె జుట్టు ఎర్రబారి ఉంది.

"అమ్మా, పురుగులు నీ నూనె వల్ల చావలేదు. నేను జల్లించిన మందు తిని చచ్చాయి" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "నూనెతోని గాదా?"

"కాదు."

"మల్ల చెప్పు."

చెప్పాను. తల్లిని దగ్గరికి పిలిచింది. "ఈమెకు చెప్పు" అంది. చెప్పాను. తర్వాత అన్నను పిలిచింది, పక్కింటి ముసలాయన్ని పిలిచింది. ఒక్కొక్కరికీ వేరువేరుగా చెప్పించింది. ఆఖరుసారి చెప్పేటప్పటికి నా గొంతులో ఆఫీసరు అన్నవాడు మిగల్లేదు.

అప్పుడు అడిగింది. "నీకెప్పుడు ఎరికైంది?"

"పురుగులు చచ్చిన రోజే."

"నేను అందరి ముంగట నూనె సంగతి చెప్తున్నప్పుడు నువ్వు ఆడనే ఉంటివి."

"ఉన్నాను."

"అప్పటికే ఎరికేనా?"

"తెలుసు."

ఆమె వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. "పదకొండు దినాలు" అంది. ఆ తర్వాత మాట నాతో అనలేదు, చాచా వైపు తిరిగి అంది. "మందు జల్లింది ఎరుక లేక. మరి ఊకున్నది దేనికి?"

చాచా తల దించుకున్నాడు. అన్నేళ్ల సర్వీసులో నన్నెవరూ అంత చిన్న ప్రశ్న అడగలేదు.

తెల్లారి ఆమె మాతోనే తిరిగి వచ్చింది. మాకంటే బాగా ముందు నడిచింది. గూడెంలో అందరినీ పిలిపించి ఆమె ముందే మళ్లీ చెప్పాను. ఆమె భర్త ఏదో అనబోయాడు. ఆమె అతని పక్క నుంచి లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. వాళ్లిద్దరి మధ్య తర్వాత ఏం మాటలు జరిగాయో నాకు తెలియదు, తెలుసుకునే హక్కూ లేదు.

నిజం రాస్తూ రెండో రిపోర్టు పంపాను. నాకు మెమో వచ్చింది, రేంజర్ గారు నాతో మాట్లాడడం మానేశారు. ఒకే చేత్తో రాసిన రెండు రిపోర్టుల్లో పైవాళ్లకు మొదటిదే నచ్చింది, అందుకని గూడేనికి నష్టపరిహారమేమీ రాలేదు. పెద్దామె దాచుకునే విత్తనం కూడా ఆ పంటతో పోయింది. మరుసటి ఏడు వేరే గూడెం నుంచి అడిగి తెచ్చుకుంది. బీహెచ్‌సీని చాలా ఏళ్ల తర్వాత దేశంలోనే నిషేధించారు. ఆ వార్త చదివి మా తోటి ఉద్యోగి ఒకాయన, "చూశావా, తప్పు మందుదేనయ్యా" అని నన్ను ఓదార్చబోయాడు. బస్తా దానంతటది గోదాము నుంచి నడిచి రాలేదని ఆయనకు చెప్పాను.

మరుసటి తొలకరికి ఇంకో శాఖ వాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి కిరోసిన్ తెచ్చాను. అరగంట పని. పొద్దు గూకాక గూడెమంతా చెట్ల కిందికి చేరేది. ఇద్దరు దుప్పటి పరిచి పట్టుకుంటే ఒకరు కొమ్మ దులిపేవారు, టపటపా రాలిన పెంకు పురుగుల్ని నీళ్లలో వేసేవారు. "రా సారూ, దుప్పటి పట్టు" అని మొదటిరోజే పెద్దామె పిలిచింది. భయపడుతూనే వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు. కొడుకు కూడా కొమ్మ దులుపుతూ ఏదో పలకరించాడు.

ఆ పిల్ల మాత్రం నేను ఏ చెట్టు కిందికి వస్తే ఆ చెట్టు వదిలి ఇంకో దానికి పోయేది. కోపంగా కాదు, ముఖం కూడా తిప్పుకునేది కాదు. తన పని తీసుకుని అవతలికి నడిచేది. నేను ఆ సెక్షన్‌లో ఉన్న మిగిలిన రెండు వానాకాలాలూ అంతే. ఒక సాయంత్రం పెద్దామె అది గమనించి, కోడల్ని గట్టిగా పిలవబోయింది.

"వద్దవ్వా, పిలవకు" అన్నాను. "ఆమె అడిగినదానికి నేనింకా జవాబు చెప్పలేదు."